పాస్‌బుక్ పాతదే, ఖాతా రకం కొత్తది: బ్యాంకుతో పేచీ ఎక్కడ మొదలవుతుంది?

గుంటూరులో ఒక లెక్కల మాస్టారు ఉన్నారనుకుందాం. ఓ ప్రైవేటు కాలేజీలో ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పారు. జీతం పడింది మొదటి నుంచీ ఒకే బ్యాంకులో, ఒకే ఖాతాలో. రిటైరయ్యాక కూడా దాన్ని వదల్లేదు. గ్యాస్ సబ్సిడీ, ఎల్‌ఐసీ డబ్బు, పండక్కి కూతురు పంపే మొత్తం, అన్నీ అందులోకే. ఒకరోజు ఏటీఎంలో చూసుకుంటే ఉండాల్సిన దానికన్నా వెయ్యి రూపాయలకు పైగా తక్కువ కనిపించింది. బ్రాంచికి వెళ్లారు.

"ఇరవై ఏళ్ల నుంచి మీ దగ్గరే ఉన్నాను కదమ్మా. నా ఖాతాకి మినిమం బ్యాలెన్స్ అనేది ఎప్పుడూ లేదు."

"అది శాలరీ అకౌంట్‌గా ఉన్నప్పుడండీ మాస్టారూ. ఇప్పుడు మామూలు సేవింగ్స్‌కి మారిపోయింది."

"ఎవరు మార్చారు? నేనెక్కడా సంతకం పెట్టలేదే!"

"సిస్టమే మార్చిందండీ."

ఈ సంభాషణ దేశంలో రోజూ ఎన్ని కౌంటర్ల దగ్గర జరుగుతుందో చెప్పలేం. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి అబద్ధం చెప్పడం లేదు, మాస్టారి కోపంలోనూ తప్పు లేదు. చిక్కంతా "సిస్టం" అనే ఆ ఒక్క మాటలో ఉంది. ఖాతా రకం మారడం వెనక మూడు వేర్వేరు చేతులు ఉండవచ్చు. ఒకటి, ఖాతా తెరిచినప్పటి షరతు తీరిపోవడం. రెండు, బ్యాంకు తన వ్యాపారం కోసం నిబంధన మార్చడం. మూడు, చట్టమో రిజర్వు బ్యాంకో మార్చి తీరమనడం. మూడింటి ఫలితం పాస్‌బుక్‌లో ఒకేలా కనిపిస్తుంది. ఖాతాదారుకు ఉండే హక్కులు మాత్రం మూడింట్లో మూడు రకాలు.

## ఖాతా నంబరు వేరు, ఖాతా రకం వేరు

కరెంటు మీటరుతో పోల్చి చూడండి. ఇల్లు అదే, డోర్ నంబరు అదే, మీటరూ అదే. కానీ ముందు గదిలో కిరాణా కొట్టు పెడితే కనెక్షన్ గృహ కేటగిరీ నుంచి వాణిజ్య కేటగిరీకి మారుతుంది, బిల్లు లెక్క మారుతుంది. బ్యాంకు ఖాతా కూడా అంతే. నంబరు మన గుర్తింపు, రకం ధరల పట్టిక. మనం నంబరును చూసి "నా ఖాతా" అంటాం. బ్యాంకు కంప్యూటరు మాత్రం ఆ నంబరు పక్కనున్న చిన్న కోడ్‌ను చూసి వడ్డీ, చార్జీలు, పరిమితులు లెక్కేస్తుంది. ఆ కోడ్ మారితే నంబరు, కార్డు, చెక్‌బుక్ ఏవీ మారక్కర్లేదు. అందుకే మార్పు జరిగిన సంగతి డబ్బు తగ్గేదాకా తెలియదు.

స్థూలంగా చూస్తే రకాలు కొన్నే. వ్యక్తుల పొదుపు కోసం సేవింగ్స్ ఖాతా, దీనికి వడ్డీ వస్తుంది. వ్యాపార లావాదేవీల కోసం కరెంట్ ఖాతా, దీనికి వడ్డీ ఉండదు. ప్రాథమిక సేవింగ్స్ ఖాతాకు కనీస నిల్వ అక్కర్లేదు. విదేశాల్లో ఉండేవారికి ఇక్కడి ఆదాయం కోసం ఎన్‌ఆర్‌ఓ, అక్కడి సంపాదన కోసం ఎన్‌ఆర్‌ఈ ఖాతాలు. సేవింగ్స్ లోపల మళ్లీ శాలరీ, స్టూడెంట్, సీనియర్ సిటిజన్, ప్రీమియం అంటూ ఎన్ని పేర్లున్నా అవి బ్యాంకు పెట్టుకున్న పేర్లే, చట్టం చేసిన రకాలు కావు. ఈ తేడా ముందుముందు పనికొస్తుంది.

## షరతు తీరిపోయినప్పుడు

శాలరీ ఖాతాకు మినిమం బ్యాలెన్స్ లేకపోవడం బ్యాంకు ఉద్యోగికి చేసే మర్యాద కాదు, యాజమాన్యంతో చేసుకున్న బేరం. కంపెనీ తన ఉద్యోగులందరి జీతాలూ మా దగ్గరే వేస్తుంది కాబట్టి, ఆ ఖాతాలకు కనీస నిల్వ అడగం అన్నది ఒప్పందం. ప్రతినెలా జీతం పడటమే షరతు. వరసగా కొన్ని నెలలు, చాలా బ్యాంకుల్లో మూడు నెలలు, జీతం పడకపోతే ఖాతాను మామూలు సేవింగ్స్‌గా మారుస్తామని దరఖాస్తు ఫారం వెనక సన్నటి అక్షరాల్లో ఉంటుంది.

ఉద్యోగం మారినవాళ్లు, రిటైరైనవాళ్లు, జీతం ఆగిపోయినవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. ఇందులో చేదు నిజం ఒకటుంది. ఆదాయం ఆగిపోయిన నెలల్లోనే ఖాతాకు కనీస నిల్వ షరతు వచ్చి పడుతుంది. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో నాలుగైదు ఉద్యోగాలు మారిన వారి పేరు మీద నాలుగైదు పాత శాలరీ ఖాతాలు ఉండటం మామూలే, వాటిలో ఎన్ని మామూలు సేవింగ్స్‌గా మారిపోయాయో వాళ్లకే తెలియదు.

ఈ రకం మార్పులో "నా సంతకం లేకుండా ఎలా మార్చారు?" అన్న వాదన నిలబడటం కష్టం. సంతకం ఖాతా తెరిచిన రోజే పడిపోయింది. "మార్చిన సంగతి నాకు ముందే చెప్పారా?" అన్న ప్రశ్న మాత్రం గట్టిది. దాని సంగతి కాసేపట్లో.

మైనరు ఖాతా, స్టూడెంట్ ఖాతా కూడా ఈ కోవలోవే. పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండితే కొత్తగా సంతకం, గుర్తింపు పత్రాలు ఇవ్వాల్సి ఉంటుంది. ఇందులో పెద్దగా వివాదం లేదు.

## బ్యాంకే నిబంధన మార్చినప్పుడు

అసలు రగడ ఇక్కడుంది. తెలుగువాళ్లకు బాగా గుర్తుండే తేదీ 2017 ఏప్రిల్ 1. నిజాం కాలంలో 1941లో పుట్టిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఆ రోజే భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. 2012లో మినిమం బ్యాలెన్స్ జరిమానాలు ఎత్తేసిన స్టేట్ బ్యాంకు, వాటిని మళ్లీ మొదలుపెట్టింది కూడా ఆ రోజే. మెట్రోల్లో 5,000, పట్టణాల్లో 3,000, చిన్న పట్టణాల్లో 2,000, గ్రామాల్లో 1,000 రూపాయల సగటు నిల్వ ఉండాలని పెట్టారు. ఎస్‌బీహెచ్ పాస్‌బుక్ పట్టుకు తిరిగిన మనిషి తెల్లారేసరికి కొత్త బ్యాంకు ఖాతాదారుడై, దాంతోపాటే కొత్త నిబంధన కిందికీ వచ్చాడు. బ్యాంకును ఎంచుకున్నది అతను కాదు, నిబంధనను ఎంచుకున్నదీ అతను కాదు.

ఆ ఏడాది ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఎనిమిది నెలల్లో స్టేట్ బ్యాంకు ఈ జరిమానాల కింద రాబట్టింది దాదాపు 1,771 కోట్ల రూపాయలు. జులై-సెప్టెంబరు త్రైమాసికంలో ఆ బ్యాంకు నికర లాభం 1,581 కోట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పడేసరికి దేశమంతా గగ్గోలు పుట్టింది. మెట్రో పరిమితిని అప్పటికే అక్టోబరులో 3,000కు తగ్గించారు. 2018 ఏప్రిల్ నుంచి జరిమానాలూ తగ్గించారు. 2020 మార్చిలో మొత్తంగా ఎత్తేశారు. మిగతా ప్రభుత్వ బ్యాంకుల్లో చాలా వాటిల్లో జరిమానాలు కొనసాగాయి. 2019 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా ఐదు ఆర్థిక సంవత్సరాల్లో ప్రభుత్వ బ్యాంకులు వీటి కింద వసూలు చేసింది దాదాపు 8,500 కోట్లని కేంద్రం లోక్‌సభకు చెప్పింది. 2025 మధ్యలో కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా, ఇండియన్ బ్యాంకు ఒకదాని వెనక ఒకటి వాటిని వదులుకున్నాయి.

అదే సమయంలో ప్రైవేటు రంగం ఎదురు దిక్కుకు నడిచింది. 2025 ఆగస్టులో ఐసీఐసీఐ బ్యాంకు, ఆ నెల నుంచి మెట్రో, పట్టణ శాఖల్లో తెరిచే కొత్త ఖాతాలకు నెలసరి సగటు నిల్వ 50,000 ఉండాలంది. విమర్శలు రావడంతో కొద్దిరోజుల్లోనే దాన్ని 15,000కు దించింది. మన విషయానికి ముఖ్యమైన సంగతి ఏమిటంటే, పాత ఖాతాదారులకు పాత పరిమితే ఉంచింది. అంటే దీర్ఘకాలపు ఖాతాదారు అన్న హోదాకు బ్యాంకులు తలచుకుంటే విలువ ఇవ్వగలవు. ఇవ్వాలన్న నిబంధన మాత్రం లేదు. కనీస నిల్వ ఎంత ఉండాలన్నది బ్యాంకుల ఇష్టమని, అది రిజర్వు బ్యాంకు నియంత్రణ పరిధిలో లేదని గవర్నర్ సంజయ్ మల్హోత్రా అప్పుడే స్పష్టం చేశారు.

### ఎంత అన్నది బ్యాంకు ఇష్టం, ఎలా అన్నది కాదు

నిల్వ ఎంతన్నది బ్యాంకుకు వదిలేసినా, జరిమానా ఎలా వేయాలన్నదానికి రిజర్వు బ్యాంకు కంచె వేసింది. 2014 నవంబరులో ఇచ్చి, 2015 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనల సారం ఇది. నిల్వ తగ్గితే ముందు ఎస్సెమ్మెస్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా ఖాతాదారుకు చెప్పాలి. నోటీసు ఇచ్చిన నెలలోపు సరిచేయకపోతేనే జరిమానా. అది కూడా లోటు ఎంత ఉంటే దానికి తగ్గ శాతంలో ఉండాలి, అందరికీ ఒకే మొత్తం బాదకూడదు. కేవలం ఈ చార్జీల వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. వీటికి తోడు, కనీస నిల్వను గానీ దాని చార్జీని గానీ మార్చేటప్పుడు ఉన్న ఖాతాదారులకు కనీసం నెల ముందు తెలియజేయాలన్న పాత నియమం ఉండనే ఉంది.

మైనస్ సంగతి దగ్గర ఓ మెలిక. ఖాతా సున్నా దగ్గర ఆగుతుంది, కానీ కొన్ని బ్యాంకులు రాబట్టలేని చార్జీని బాకీగా రాసుకుని, తర్వాతెప్పుడో డబ్బు పడగానే పట్టుకుంటాయి. పథకం డబ్బు పడిందని సంబరంగా వెళ్లినవాళ్లకు చేతికి సగమే రావడం వెనక కథ చాలాసార్లు ఇదే.

### సగటు నిల్వ లెక్క

మినిమం బ్యాలెన్స్ అంటే ఏ రోజూ ఆ మొత్తం కన్నా తగ్గకూడదని చాలామంది అనుకుంటారు. ఎక్కువ బ్యాంకులు చూసేది నెలసరి సగటు. ప్రతిరోజూ చివర ఉన్న నిల్వలు కూడి, రోజుల సంఖ్యతో భాగిస్తారు. పరిమితి 10,000 అనుకుని ఇద్దరిని చూద్దాం.

మొదటామె ముప్పై రోజులూ 8,000 ఉంచింది. సగటు 8,000. లోటు 2,000. లోటుపై 6 శాతం జరిమానా అనుకుంటే 120 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 21.60. మొత్తం 141.60 పోయింది.

రెండో ఆయన ఇరవై తొమ్మిది రోజులు 500 మాత్రమే ఉంచాడు. ఒక్క రోజు స్థలం అమ్మిన డబ్బు 3 లక్షలు వచ్చి, మర్నాడే పోయింది. 14,500కు 3,00,000 కలిపి 30తో భాగిస్తే సగటు 10,483. జరిమానా లేదు.

పొదుపుగా, నిలకడగా డబ్బు ఉంచిన మనిషికి జరిమానా, ఒక్కరోజు పెద్ద మొత్తం తిప్పిన మనిషికి మాఫీ. లెక్కలో తప్పు లేదు. కానీ పాత ఖాతాదారులకు ఒళ్లు మండేది ఇలాంటి చోటే.

పరిమితి ఏ మేరకు ఉండాలన్నది బ్రాంచి ఉన్న ఊరి జనాభాను బట్టి కూడా మారుతుంది. 10,000 లోపు జనాభా ఉంటే గ్రామం, లక్ష లోపు చిన్న పట్టణం, 10 లక్షల లోపు పట్టణం, ఆ పైన మెట్రో. మనం ఎక్కడ ఉంటున్నామన్నది కాదు, ఖాతా ఏ బ్రాంచిలో ఉందన్నది లెక్క. చదువుకునే రోజుల్లో హైదరాబాద్‌లో తెరిచిన ఖాతాను సొంతూరికి వచ్చాక కూడా అలాగే ఉంచుకుంటే, పల్లెటూళ్లో ఉంటూ మెట్రో లెక్కకు కట్టుబడాలి.

ఈ కోవలోనే ఇంకో రకం ఉంది, పదోన్నతి. "మీరు మాకు విలువైన కస్టమర్ సార్, మీ అకౌంట్‌ను ఉచితంగా అప్‌గ్రేడ్ చేస్తున్నాం" అని ఫోన్ వస్తుంది. ఓటీపీ చెప్పగానే ఖాతా ప్రీమియం రకంలోకి వెళ్తుంది, దాంతోపాటు కనీస నిల్వ కూడా ఎక్కుతుంది. ఇక్కడ ఓటీపీయే సంతకం. పొగడ్త వినేటప్పుడు షరతులు ఎవరికి వినిపిస్తాయి?

## చట్టమే మార్చమన్నప్పుడు

ఈ మూడో రకంలో బ్యాంకు మేనేజరు ఎంత మంచివాడైనా చేయగలిగింది తక్కువ. మూడు సందర్భాలు ఎక్కువగా కనిపిస్తాయి.

### కొట్టు డబ్బు సేవింగ్స్‌లో

వ్యాపార సంస్థల పేరిట, అది ఒక్కరే నడిపే సొంత సంస్థ అయినా సరే, సేవింగ్స్ ఖాతా ఉండకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఒకప్పుడు దీని గురించి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. టిఫిన్ బండి ఆయన నగదు తీసుకునేవాడు, మిగిలింది వారానికోసారి ఖాతాలో వేసేవాడు. క్యూఆర్ కోడ్ వచ్చాక ఇడ్లీ ప్లేటు డబ్బు కూడా విడిగా ఖాతాలో పడుతోంది. రోజుకు రెండు వందల జమలు ఉన్న ఖాతా పొదుపు ఖాతాలా కనిపించదు కదా. అప్పుడు బ్యాంకు కరెంట్ ఖాతాకు మారమంటుంది, లేదా వివరణ ఇచ్చేదాకా లావాదేవీలు ఆపుతుంది.

బండి ఆయన వైపు నుంచి చూస్తే, పదేళ్లుగా ఇదే ఖాతా, ఇదే వ్యాపారం, మారింది చెల్లింపు పద్ధతి మాత్రమే. పైగా కరెంట్ ఖాతాకు వడ్డీ లేదు, కనీస నిల్వ ఎక్కువ. బ్యాంకు వైపు నుంచి చూస్తే, నియమం ముందు నుంచీ ఉంది, ఇప్పుడు కంటికి కనిపిస్తోంది. వ్యాపార ఖాతా అని ముద్ర వేయడానికి ఎన్ని లావాదేవీలు ఉండాలన్న గీత ప్రతి బ్యాంకూ తనకు తానే గీసుకుంటుంది. అసలు తగవు ఆ గీత దగ్గరే.

సంఘాల ఖాతాల్లో కూడా ఇలాంటి అయోమయమే. డ్వాక్రా తరహా స్వయం సహాయక సంఘాలు రిజిస్టరైనా, కాకపోయినా సేవింగ్స్ ఖాతాకు అర్హులే. సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘాలకూ అర్హత ఉంది. అపార్టుమెంటు సంఘాన్ని రిజిస్టర్ చేయించకుండా మెయింటెనెన్స్ డబ్బు కోసం ఖాతా తెరిచిన చోట కరెంట్ ఖాతాకు మారమన్న ఒత్తిడి వస్తుంటుంది.

### అప్పు ఒకచోట, కరెంట్ ఖాతా ఇంకోచోట

2020 ఆగస్టు 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం పాత ఖాతాదారులను ఒక్కసారిగా కుదిపింది. కొన్ని సంస్థలు ఒక బ్యాంకులో అప్పు తీసుకుని, అమ్మకాల డబ్బును ఇంకో బ్యాంకు కరెంట్ ఖాతాలోకి మళ్లించి, అప్పిచ్చిన బ్యాంకు కళ్లు కప్పుతున్నాయన్నది దాని వెనక కారణం. క్యాష్ క్రెడిట్ లేదా ఓవర్‌డ్రాఫ్ట్ (ఒక పరిమితి దాకా కావాల్సినప్పుడల్లా వాడుకునే అప్పు) ఉన్నవారికి వేరే బ్యాంకులు కరెంట్ ఖాతా ఇవ్వకూడదన్నారు. ఫలితంగా తరాల తరబడి ఒకే బ్యాంకులో కరెంట్ ఖాతా నడిపిన చిన్న వ్యాపారుల ఖాతాలు కూడా ఆగిపోయాయి, అప్పు వేరే బ్యాంకులో ఉండటమే వారి నేరం. గోల పెరిగాక గడువును 2021 అక్టోబరు దాకా పొడిగించారు. 5 కోట్ల లోపు అప్పు ఉన్నవారికి, బ్యాంకుకు హామీపత్రం ఇస్తే చాలని సడలించారు.

### కొడుకు అమెరికా వెళ్లాక

తెలుగు ఇళ్లలో దీనికి వేరే పరిచయం అక్కర్లేదు. ఉద్యోగం కోసం విదేశం వెళ్లిన వ్యక్తి ఫెమా, అంటే విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం దృష్టిలో ప్రవాసి. అతని పాత సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాలి. చదువుకు వెళ్లినవారినీ ప్రవాసులుగానే చూడాలని రిజర్వు బ్యాంకు 2003లోనే చెప్పింది. ఆదాయపు పన్ను చట్టం మాత్రం దేశంలో ఎన్ని రోజులు ఉన్నారో లెక్కపెడుతుంది. అంటే ఒకే మనిషి ఒకే ఏడాదిలో పన్ను శాఖకు నివాసి, ఫెమాకు ప్రవాసి కావచ్చు. "నేను ఈ ఏడాది ఎన్‌ఆర్‌ఐ కాదు, మా ఆడిటర్ చెప్పాడు" అని బ్యాంకుతో వాదించేవాళ్లు పొరపడేది ఇక్కడే.

మారితే ఏమవుతుందో లెక్క చూద్దాం. ఖాతాలో 5 లక్షలు, వడ్డీ ఏటా 2.5 శాతం అనుకుంటే వచ్చేది 12,500. నివాసి సేవింగ్స్ వడ్డీపై బ్యాంకు పన్ను పట్టదు. పాత పన్ను విధానంలో 10,000 దాకా మినహాయింపు కూడా ఉంది. అదే ఎన్‌ఆర్‌ఓ అయితే బ్యాంకు ముందే 31.2 శాతం, అంటే 3,900 పట్టుకుంటుంది. ఆదాయం తక్కువైతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ ముందైతే చేతినుంచి పోతుంది. అందుకే చాలామంది చెప్పకుండా నెట్టుకొస్తారు. ఫెమా ఉల్లంఘనకు జరిమానా సంబంధిత మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండవచ్చు.

అమ్మానాన్నలతో ఉమ్మడి ఖాతా ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు. ఖాతా ప్రధానంగా ఇక్కడున్న తండ్రిదై, అమెరికాలోని కొడుకు దగ్గరి బంధువుగా రెండో పేరు మాత్రమే అయితే, కొన్ని షరతులతో అది నివాసి ఖాతాగానే ఉండవచ్చు. మొదటి పేరు కొడుకుదైతే ఖాతా ఎన్‌ఆర్‌ఓ కావాల్సిందే. పాస్‌బుక్ మీద పేర్ల వరస ఏ ఇరవై ఏళ్ల క్రితమో ఆలోచించకుండా రాయించింది అయ్యుంటుంది.

## "జీరో బ్యాలెన్స్" అనే మాటకు రెండు అర్థాలు

వివాదాల్లో సగం ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి. ఒక అర్థం, ఏదో ఒక షరతు మీద బ్యాంకు కనీస నిల్వను మాఫీ చేసిన ఖాతా. శాలరీ ఖాతా దీనికి ఉదాహరణ. ఈ మాఫీ పోవచ్చు. రెండో అర్థం, ప్రాథమిక సేవింగ్స్ ఖాతా. 2005లో నో-ఫ్రిల్స్ పేరుతో మొదలై, 2012 ఆగస్టులో ఇప్పటి రూపానికి వచ్చింది. 2014లో వచ్చిన జన్ ధన్ ఖాతాలు కూడా ఈ పునాది మీదివే. దీనికి కనీస నిల్వ అడగకపోవడం బ్యాంకు దయ కాదు, రిజర్వు బ్యాంకు నియమం. ఇది పేదలకే అన్న అపోహ ఉంది, ఎవరైనా తెరవవచ్చు. ఉన్న సేవింగ్స్ ఖాతాను కూడా అడిగి దీనిలోకి మార్పించుకోవచ్చు.

బదులుగా పరిమితులు ఉన్నాయి. నెలకు నాలుగు ఉచిత విత్‌డ్రాయల్స్‌కు బ్యాంకు హామీ ఇవ్వాలి, ఆ పైన దాని ఇష్టం. ఇది ఉంటే అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు, ఉంటే 30 రోజుల్లో మూసేయాలి. పూర్తి గుర్తింపు పత్రాలు లేకుండా తెరిచిన చిన్న ఖాతా అయితే ఇంకా కట్టడి. నిల్వ ఎప్పుడూ 50,000 దాటకూడదు, ఏడాది జమలు లక్ష, నెల విత్‌డ్రాయల్స్ 10,000 దాటకూడదు. పంట అమ్మిన డబ్బు ఒకేసారి లక్షన్నర వచ్చి పడితే ఖాతా బిగుసుకుపోవడానికి కారణం అదే కావచ్చు. రైతుకు మాత్రం బ్యాంకు తన డబ్బు తనకు ఇవ్వనంటున్నట్టే ఉంటుంది.

## ఎవరి వాదన ఎంత బరువు

బ్యాంకులు చెప్పేది తోసిపుచ్చాల్సింది కాదు. బ్రాంచి అద్దె, ఏటీఎం, యాప్, సిబ్బంది, మోసాలపై నిఘా, ఇవన్నీ ఖర్చులే. యూపీఐ లావాదేవీకి ఖాతాదారు రూపాయి ఇవ్వడు. కనీస నిల్వ అనేది ఆ సేవలకు పరోక్ష అద్దె, అది కుదరనివారికి ప్రాథమిక ఖాతా ఉండనే ఉంది అంటారు.

దీనికి ఎదురువాదం, ఆ అద్దె కట్టేది ఎవరన్నది. పెద్ద నిల్వలున్నవారికి అన్నీ ఉచితం, నిల్వ ఉంచలేనివారికి జరిమానా. అంటే భారం మోసేది సంచి ఖాళీగా ఉన్నవాడే. ప్రాథమిక ఖాతా ఉందన్న సంగతి కౌంటర్‌లో ఎంతమంది చెబుతున్నారన్నదీ అడగాల్సిందే. జరిమానా వేసే ఎస్సెమ్మెస్‌లో "మీరు దీనిలోకి మారవచ్చు" అన్న ఒక్క వాక్యం చేరిస్తే సగం గొడవలు ఉండవని నా అభిప్రాయం.

పాత ఖాతాదారుల వాదనలో నాకు కనిపించే బలహీనత ఒకటుంది. "ఇరవై ఏళ్ల అనుబంధం" అన్న మాట మనసుకు తగులుతుంది కానీ ఫైలులో ఎక్కడా పనికిరాదు. "నెల ముందు నోటీసు ఏది?" అన్న ప్రశ్న పొడిగా ఉంటుంది, కానీ బ్యాంకు జవాబు చెప్పక తప్పనిది అదే.

## తగవు పైకి వెళ్తే

ముందు బ్యాంకుకే లిఖితపూర్వక ఫిర్యాదు వెళ్లాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్ ఉన్నాడు. 2021 నవంబరు నుంచి దేశమంతటికీ ఒకే పథకం, ఫీజు లేదు. అయితే బ్యాంకు వ్యాపార నిర్ణయాలపై ఫిర్యాదులను అంబుడ్స్‌మన్ తీసుకోడు. "కనీస నిల్వ 10,000 ఎందుకు పెట్టారు?" అని వెళ్తే తలుపు మూసుకుంటుంది. "పెట్టినట్టు నాకు చెప్పకుండా జరిమానా వేశారు" అని వెళ్తే అదే తలుపు తెరుచుకుంటుంది, ఎందుకంటే అది సేవాలోపం.

వినియోగదారుల కమిషన్ రెండో దారి. 2019 చట్టంలో "అన్యాయమైన ఒప్పందం" అనే భావన కొత్తగా చేరింది. ఒకవైపే మొగ్గిన షరతులను రాష్ట్ర, జాతీయ కమిషన్లలో సవాలు చేయవచ్చు. వ్యాపార ఖాతాలకు ఇక్కడో అడ్డంకి ఉంది. లాభార్జన కోసం సేవ తీసుకున్నవారు వినియోగదారు కారు. స్టాక్ బ్రోకర్ ఓవర్‌డ్రాఫ్ట్ వివాదంలో 2022లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. పొట్టపోసుకోవడానికి సొంతంగా నడుపుకునే చిన్న వ్యాపారానికి చట్టంలోనే మినహాయింపు ఉంది కాబట్టి, టిఫిన్ బండి ఆయన పరిస్థితి బ్రోకర్ పరిస్థితి ఒకటి కాదు.

మళ్లీ మన మాస్టారి దగ్గరికి వద్దాం. లెక్కలాయన కదా, కాగితం మీద వేసుకున్నారు. సగటు నిల్వ 2,500, లోటు 7,500, 6 శాతం 450, జీఎస్టీ 81, కలిపి 531. రెండు నెలలకు 1,062. పోయిన మొత్తంతో సరిపోయింది. లెక్క సరిపోయింది కాబట్టి ఇక బ్యాంకును అడగాల్సింది రెండే తేదీలు: ఖాతా మారినట్టు ఎస్సెమ్మెస్ పంపిన తేదీ, మొదటి జరిమానా పడిన తేదీ. ఎస్సెమ్మెస్ ఆయన కాలేజీలో ఉన్నప్పుడు ఇచ్చిన పాత నంబరుకు వెళ్లింది. ఆ సిమ్ రిటైరయ్యాక కూతురు తీసుకుంది. నోటీసు చేరినట్టా, చేరనట్టా అన్నది ఇప్పుడు ఫిర్యాదులో మొదటి పేరా.